మందు పడని గరిక

రావులపాలెం అరటి మార్కెట్టు వెనక వీధిలో సంపూర్ణమ్మ ఇంటి అరుగు దాకా వచ్చి, ఆకలితో వెనక్కి వెళ్ళిన ప్రాణి లేదు. భర్త జోగేశ్వరరావుది ఇంటిని ఆనుకునే అరటిగెలల కమీషన్ కొట్టు. గెలలెత్తే కూలీలు, ఎక్కడెక్కడి నుంచో వచ్చే లారీ డ్రైవర్లు, మధ్యాహ్నం వేళకి గేటు దగ్గర తలాడించే ఆవు, గోడ మీది కాకులు, అందరికీ ఆవిడ చేతి ముద్ద పడాల్సిందే. పిఠాపురం నుంచి కోడలిగా వచ్చిన నాటి నుంచీ ఆవిడ నోట పలకరింపు అంటే "భోంచేశారా?" అన్న మాటే. కరెంటు రీడింగు తీసే కుర్రాడు కూడా ఆ ఇంటికి వచ్చే రోజు టిఫిను మానేస్తాడని వీధిలో నవ్వుకుంటారు.

అలాంటి మనిషి తిండి పెట్టి ఒక ప్రాణాన్ని చంపబోయింది. ప్రేమతోనే. మన దగ్గర మూగజీవాలకు జరిగే అన్యాయాల్లో సగం ప్రేమతోనే జరుగుతాయి. మిగతా సగం లాభం కోసం. ఈ ఇంట్లోకి ఆ రెండూ ఒకే మిఠాయి డబ్బాలో వచ్చాయి.

డబ్బా తెచ్చింది జోగేశ్వరరావు. మూత తీస్తే లోపల నల్లటి వీపు మీద పసుపుపచ్చ గీతలతో నక్షత్రాలు అచ్చేసినట్టున్న ఓ పిల్ల తాబేలు, కొబ్బరి చిప్ప కన్నా చిన్నది.

"ఏంటండీ ఇది! బొమ్మా?"

"బొమ్మేంటే, కాళ్ళాడిస్తోంది చూడు. మన అచ్చిబాబు ఇచ్చాడు." అచ్చిబాబు ఆయనకి వరసకు బావమరిది. రాజమండ్రిలో చేపల తొట్ల వ్యాపారం. "కొట్లో ఉత్తరం మూల నీళ్ళల్లో పెడితే లక్ష్మి నడిచొస్తుందంట."

"దీని నడకతోనా? అయితే మన మనవల కాలానికి చేరుతుంది లెండి."

నవ్విందే కానీ, దాని నల్లపూసలాంటి కన్ను చూడగానే ఆవిడ గుండె కరిగిపోయింది. కూర్మయ్య అని పేరు పెట్టింది. ఇత్తడి పళ్ళెం తోమి నీళ్ళు పోసి అందులో కూర్చోబెట్టింది. వీపున పసుపు రాసి కుంకుమ పెట్టింది. ఆ పైన తిండి మొదలుపెట్టింది. అరటి వ్యాపారుల ఇంట్లో ఏ పసిగొడ్డుకైనా మొదటి ముద్ద ఏదవుతుంది? చక్కెరకేళి! కూర్మయ్య నోరు తెరిచి గబుక్కున అందుకుంది.

"తింటోందండీ! తింటోంది!" అని ఆవిడ వేసిన కేకకి కొట్లో గెల దించుతున్న వాళ్ళు ఆగి చూశారు.

వర్షాలు వెళ్ళేసరికి కూర్మయ్య తల బయటికి పెట్టడం మానేసింది. కళ్ళు ఉబ్బి మూసుకుపోయాయి. ఒక శుక్రవారం బొట్టు పెట్టబోతే సంపూర్ణమ్మ బొటనవేలు దాని డిప్ప మీద సొట్ట పడేలా దిగింది. నానిపోయిన అప్పడంలా ఉంది. ఆవిడ ఆ బొట్టు అక్కడే తుడిచేసి, దాన్ని పూలసజ్జలో పెట్టుకుని, ఆటో ఎక్కి పశువుల ఆసుపత్రికి పరుగెత్తింది.

గేదెల వెనక నిలబడి వంతు కోసం చూసింది. డాక్టరు సాయిప్రసన్న కొత్తగా వచ్చిన పిల్ల. సజ్జలోకి చూడగానే చేతి తొడుగు విప్పేసి రెండు చేతులతో తీసుకుంది.

"దీనికి ఏం పెడుతున్నారమ్మా?"

"ఏ లోటూ చేయలేదమ్మా," అంది సంపూర్ణమ్మ. "పొద్దున్న చక్కెరకేళి. మధ్యాహ్నం పాలల్లో అటుకులు. శనివారం పులిహోర."

"పులిహోరా!"

"జీడిపప్పు వేసిందే."

డాక్టరుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఎక్కడ ఉంచుతున్నారు?"

"నీళ్ళల్లోనే కదమ్మా. తాబేలు కదా!"

అదీ మన డెల్టా పొరపాటు. తాబేలంటే మనకి కాలవలోదే, చెరువులోదే. నీళ్ళు తప్ప వేరే లోకం లేని చోట పుట్టాం. నీళ్ళ మొహం చూడని తాబేలు ఉంటుందంటే నమ్మం.

"ఇది నేల తాబేలండీ. మెట్ట ప్రాంతంలో, ఎండలో, గడ్డి పొదల్లో తిరిగేది. ఈత రాదు. తాగడానికి తప్ప దీనికి నీళ్ళక్కర్లేదు," అంది సాయిప్రసన్న. "తిండి ఆవు తిండే. ముప్పాతిక వంతు గడ్డి. మిగతాది ఆకులు, పువ్వులు. పండు వద్దు, అన్నం వద్దు, పాలు అస్సలు వద్దు. పొద్దుటి ఎండ తగలాలి, సున్నం అందాలి. ఎదిగే పిల్లకి ఆ రెండూ లేకపోతే డిప్ప గట్టిపడదు. ఇదిగో, ఇలా మెత్తబడిపోతుంది."

"బతుకుతుందా?"

"గడ్డి తింటే బతుకుతుంది. ఇంకో మాట కూడా చెప్పాలమ్మా. ఈ రకం తాబేళ్ళని పట్టడం, అమ్మడం, ఇంట్లో పెట్టుకోవడం, మూడూ నేరమే. జైల్లో పెట్టే నేరం. నేను ఇప్పుడే అటవీశాఖకి ఫోన్ చేస్తున్నాను."

సంపూర్ణమ్మ మొహం పాలిపోయింది. ఒక్క నిమిషమే. "చెయ్యండమ్మా. వాళ్ళొచ్చేలోగా గడ్డి ఏ రకం కొయ్యాలో చెప్పండి."

అటవీశాఖ నుంచి గణేష్‌బాబు అనే ఆఫీసరు వచ్చాడు. తాబేలుని చూశాడు. ఇప్పుడు దీన్ని దూరం తీసుకెళ్తే దారిలోనే పోతుందనీ, తేరుకునేదాకా తన కళ్ళ ముందు ఉండాలనీ డాక్టరు గట్టిగా చెప్పింది. అందుకని కాగితం రాయించుకుని, రోజూ డాక్టరు చూసేట్టు ఆ ఇంటి దొడ్లోనే ఉంచడానికి ఒప్పుకున్నాడు. అమ్మిందెవరని అడిగితే జోగేశ్వరరావు గోడ వంక చూసి, "సంతలో ఎవడోనండి. మొహం గుర్తులేదు," అన్నాడు. సంపూర్ణమ్మ ఏదో అనబోయి ఆగింది. అప్పటికి ఆవిడ మనసంతా గడ్డి మీదే ఉంది.

పచ్చని డెల్టాలో గడ్డికేం కరువు అనుకుంది. పెరట్లో నుంచి చూస్తే అరటితోటలు, వాటి వెనక కొబ్బరి, ఎటు చూసినా పచ్చదనమే. కొట్టు ఊడ్చే చిన్నమ్మాయిని పంపించి తోట గట్టు మీది గరిక తెప్పించింది. చిన్నమ్మాయి అన్నది ఆమె పేరే, ఆ ఇంట్లో ఏ పనికైనా ముందుంటుంది. సాయంత్రం డాక్టరు ఫోన్లో అడిగింది: "అది మందు కొట్టని గడ్డేనా అమ్మా? కొట్టిన గట్టుదైతే ఒక్క పరక కూడా పెట్టకండి. ఆ పిల్లకి అది విషమే."

మర్నాడు గెలలు దిగే వేళకి సంపూర్ణమ్మ నేరుగా కొట్లోకి వచ్చి రైతుల మధ్య నిలబడింది.

"శ్యాంబాబూ, మీ గట్ల మీద గడ్డిమందు కొట్టారా?"

"కొట్టేశామండి, బెంగెట్టుకోకండి! ఒక్క పరక లేదు. గుండు గీసినట్టు నున్నగా ఉంది గట్టు."

"అయ్యయ్యో!"

"అయ్యో ఏంటండి బాబూ?" శ్యాంబాబు బిత్తరపోయాడు.

పక్కన ఇంకో రైతు కంగారుగా, "గెలలకి మందేం అంటదండి, ఒట్టు. ధర తగ్గించడానికైతే ఇంకో కారణం చూసుకోండి, ఇదేం బాగోలేదు," అన్నాడు.

"ధర సంగతి ఆయన్నడగండి. నాకు గడ్డి కావాలి."

అందరి గట్లూ మందు తాగినవే. తప్పు రైతుదని అనేయడం తేలిక. గడ్డి కోయడానికి కూలీ దొరకడు, దొరికినా గిట్టుబాటవదు, అప్పుడు డబ్బాలో మందు ఒకటే దిక్కవుతుంది. కౌలు రైతుకి అదీ అప్పు మీదే. గుడి ముందు వినాయకుడికి గరిక అమ్మే ఆవిణ్ణి అడిగితే, "అదే గట్టుదండి, ఎక్కడి నుంచి తెస్తాను!" అంది. అంటే దేవుడికి పెట్టేదీ అదే. కొబ్బరి చిప్పంత తాబేలు తినకూడదన్న గడ్డి పక్కనే మనం తినే పళ్ళు పండుతున్నాయి. ఈ మాట ఎవరూ పైకి అనరు. సంపూర్ణమ్మ అంది, కొట్టు మధ్యలో నిలబడి, అందరికీ వినపడేట్టు. జోగేశ్వరరావు పంచె సర్దుకుంటూ, "లోపలికి పద, వ్యాపారం వేళ," అని గొణిగాడు.

చివరికి చిన్నమ్మాయే నోరు విప్పింది. "మోకాల్లోతు గడ్డి ఒక చోట ఉందండి. చుక్క మందు పడదు. మరి మీరు రారు."

"ఎందుకు రాను?"

"మా పేట వెనకాల సమాధుల దొడ్లోనండి."

సంపూర్ణమ్మ సజ్జ అందుకుంది. "పద."

సమాధుల దొడ్డి చూసుకునే అబ్రహాము గేటు దగ్గర కూర్చుని మేకలకి కొమ్మలు కొడుతున్నాడు. వచ్చిన మనిషిని చూసి కత్తి పక్కన పెట్టి లేచాడు.

"ఆయ్! ఇదేంటండి! మీ వీధోళ్ళు పోయాక కూడా ఇటు రారు కదండి. మీరేంటి బతికుండగానే వచ్చేశారు?"

చిన్నమ్మాయి నాలిక కరుచుకుంది. సంపూర్ణమ్మకి నవ్వాగలేదు. "గడ్డి కావాలయ్యా."

"గుర్రాన్ని కొన్నారాండి షావుకారు గారు?"

"గుర్రం కాదు. తాబేలు."

అబ్రహాము, "తాబేలుకి గడ్డి కోసం షావుకారమ్మ గారు సమాధుల దొడ్డికొచ్చారంటే మా పాస్టరు గారు దీన్ని ఆదివారం ప్రసంగంలో పెట్టేసుకుంటారండి," అన్నాడు.

"పెట్టుకోనీ. మందేమీ కొట్టలేదు కదా?"

"కొడితే నా మేకలు బతకొద్దాండి? ఇదిగో, ఈ వారగా కోసుకోండి. ఇది మా అమ్మ సమాధి. ఆవిడకి ఎవరైనా వస్తే ఇష్టం."

మంచు ఆరని గరిక, లేత గలిజేరు తీగ. సంపూర్ణమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని చేత్తోనే కోసింది. ఊళ్ళో విషం తగలని నేల ఎక్కడ మిగిలిందో చూడండి. ఊరు తరతరాలుగా తన కాలు పెట్టని చోట మిగిలింది. ముప్పై ఏళ్ళ పైగా ఆ ఊళ్ళో కాపురం చేసిన మనిషికి ఆ దొడ్డికి దారి ఒకరు చూపించాల్సి వచ్చింది.

తిరిగి వస్తుంటే ఎదురింటి మహాలక్ష్మమ్మ గేటు మీద నుంచి తొంగి చూసింది. "ఎక్కడి నుంచమ్మా ఆ గడ్డి? అక్కడి నుంచేనా? తల మీద నీళ్ళోసుకుని లోపలికెళ్ళు."

"కడగవలసింది మందు కొట్టిన గరికని వదినా, నన్ను కాదు," అని సంపూర్ణమ్మ గుమ్మం దాటేసింది.

ఇంతా చేసి తెస్తే కూర్మయ్య గరికని వాసన చూసి మొహం తిప్పుకుంది! మర్నాడూ అంతే. తీపి మరిగిన నోటికి గడ్డి రుచించదు. సన్నగా తరిగి పెట్టినా, నీళ్ళు చిలకరించి పెట్టినా దాని చుట్టూ చీమలే తిరిగాయి. సంపూర్ణమ్మకి ముద్ద దిగడం లేదు. పెట్టడం తప్ప ఏమీ నేర్వని చెయ్యి పెట్టకుండా ఉండటం ఎంత కష్టమో ఆవిడకి మొదటిసారి తెలిసింది. "గట్టిగా ఉండండమ్మా, పండు పెడితే మళ్ళీ మొదటికొస్తాం," అని డాక్టరు రోజూ చెబుతోంది. గట్టిగానే ఉంది. అయినా ఒక రోజు కూర్మయ్య మూతి మీద ఏదో తెల్లగా, జిగటగా కనిపించింది. ఆవిడ వేలితో తుడిచి ముక్కు దగ్గర పెట్టుకుంది.

చక్కెరకేళి!

మర్నాడు పొద్దున్న దొడ్డి తలుపు చాటున కాపు కాసింది. జోగేశ్వరరావు పిల్లిలా వచ్చాడు. గొంతుకూర్చున్నాడు. జేబులోంచి అరటిపండు తీసి తొక్క వలిచాడు.

"ఏవండీ!"

ఆయన పండుతో సహా వెనక్కి పడ్డాడు. "ఆకలితో ఉందే! నీకు జాలి లేదా?"

"జాలితోనే కదండీ ఇంతదాకా తెచ్చాం! మళ్ళీ ఆ పండు కనిపించిందా, మీక్కూడా గరికే పెడతాను, ఆవపెట్టి మరీ."

ఆయనకి ఉక్రోషం వచ్చింది. మొహం ఎర్రబడింది. కానీ కదలకుండా పడున్న ఆ పిల్లని చూసి పండు గోడవతలికి విసిరేశాడు.

ఆ శుక్రవారం సంపూర్ణమ్మ పూజకి మందారాలు కోస్తోంది. కూర్మయ్య ఎండపొడలో ముడుచుకుని ఉంది. సజ్జలోంచి ఒక పువ్వు జారి దాని ముందు పడింది. ఎర్రగా, రాత్రి తడి ఇంకా ఆరకుండా. కూర్మయ్య మెడ సాగింది. ఒక కాలు కదిలింది. ఇంకో కాలు. వాచిన కన్ను సగం తెరుచుకుంది. నోరు తెరిచింది, రేక జారిపోయింది. మళ్ళీ తెరిచింది. రేక తెగింది!

"ఏవండీ! ఏవండోయ్! రండి, రండి!"

జోగేశ్వరరావు మొహానికి సబ్బుతో, చేతిలో కర్రతో పరిగెత్తుకొచ్చాడు. "పామా? ఎక్కడ?"

"పామేంటండీ, పువ్వు! పువ్వు తింటోంది!"

ఇద్దరూ అక్కడే మట్టిలో చతికిలబడ్డారు. కూర్మయ్య రేక తర్వాత రేక నములుతోంది. ఎర్రటి రంగు మూతికంతా పూసుకుంది. అమ్మవారి పూజకి ఆ రోజు పువ్వు మిగల్లేదు. అమ్మవారు ఏమీ అనుకోలేదనే సంపూర్ణమ్మ నమ్మకం.

"మందారమా? సూపరండీ!" ఫోన్లో డాక్టరు గొంతు ఎగిరింది. "ఇంక ఆ రేకల్లోనే గరిక దాచి పెట్టండి. పువ్వు తగ్గిస్తూ గడ్డి పెంచండి."

రేకలో సన్నగా తరిగిన గరిక పెట్టి మడవడం జోగేశ్వరరావుకి వెంటనే పట్టుబడింది. జీవితమంతా కిళ్ళీ నమిలినవాడు, ఆ మడత ఆయనకి కొత్తా? రోజూ పొద్దున్నే మొగుడూ పెళ్ళాం దొడ్లో కూర్చుని మందార కిళ్ళీలు చుట్టేవారు. వాళ్ళ చెట్టు బోడిదైపోతే మహాలక్ష్మమ్మ తన పువ్వులు గోడ మీద నుంచి అందించింది. "తాబేలుకే సుమా, నీకు కాదు," అంటూ. పచారీ కొట్లో సముద్రపు నురుగు పేరుతో అమ్మే తెల్లటి సున్నపు పెంకు తెచ్చి, అరగదీసి గడ్డి మీద చల్లారు. మునగాకు, ముళ్ళు తీసిన నాగజెముడు వచ్చి చేరాయి. అబ్రహాము మేకల కోసం కోసే మోపులో ఒక పిడికెడు కూర్మయ్యకి పక్కన పెట్టి, పొద్దున్నే సంపూర్ణమ్మ ఇంటి గేటుకి తగిలించేవాడు. ఒకనాడు శ్యాంబాబు గెలలు దించుతూ నసిగాడు: "ఒక గట్టుకి మందు కొట్టకుండా వదిలేశానండి. కూర్మయ్య గారి పేరు మీద." సంపూర్ణమ్మ అతనికి ఆ పూట రెండు గరిటెల నెయ్యి వేసింది.

రేకలు తగ్గాయి, గడ్డి పెరిగింది. చివరికి పువ్వు లేకుండానే కూర్మయ్య గరిక పరకల్ని పటపటా కొరికేయడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు వినడానికి చిన్నమ్మాయి చీపురు పక్కన పెట్టి మరీ వచ్చేది. కొరికేటప్పుడు దానికెంత పట్టుదలో! దొడ్డంతా తనదేనన్నట్టు ఈ గోడ నుంచి ఆ గోడకి తిరిగేది. సంపూర్ణమ్మ రోజూ బొటనవేలితో డిప్ప నొక్కి చూసేది. నెలలు గడిచేసరికి వేలు దిగడం మానేసింది.

అటవీశాఖ వ్యాను వచ్చిన రోజు డాక్టరు ముందే వచ్చి కూర్చుంది. గణేష్‌బాబు కూర్మయ్యని చేతిలోకి తీసుకుని డిప్ప మీద గోటితో తట్టాడు. టక్కుమంది, బాగా ముదిరిన కొబ్బరికాయ మీద తట్టినట్టు.

"ఇంకోసారి కొట్టండి," అంది సంపూర్ణమ్మ. "మా ఆయన సరిగ్గా వినలేదు."

ఇంకోసారి తట్టాడు. డాక్టరు చప్పట్లు కొట్టేసింది. సంపూర్ణమ్మ కళ్ళ నిండా నీళ్ళు, మొహం నిండా నవ్వు. ఇక దీన్ని మిగతా తాబేళ్ళతో కలిపి ఉంచుతాం, అలవాటయ్యాక దాని మెట్ట నేలలో వదులుతాం అని గణేష్‌బాబు చెబుతున్నాడు. జోగేశ్వరరావు ఆఖరిసారి గరిక తినిపిస్తున్నాడు. అప్పుడు ఫోన్ మోగింది. చేతులు ఖాళీ లేక ఆయన మోచేత్తో స్పీకరు నొక్కాడు.

"బావగారూ, నేనండి, అచ్చిబాబుని. తాబేలుని పట్టుకుపోతున్నారంట కదా? పోతే పోనివ్వండి. ఇంకోటి పంపిస్తాను. నిన్ననే సరుకు దిగింది, బుట్టెడు. సగం ఎలాగూ చస్తాయనుకోండి, మిగతా వాటిల్లో మంచిది ఏరి పెడతా."

గరిక కొరుకుతున్న చప్పుడొక్కటే వినిపిస్తోంది. గణేష్‌బాబు జోగేశ్వరరావు మొహంలోకి చూస్తున్నాడు.

"ఏవండీ," అంది సంపూర్ణమ్మ, "సంతలో మీకమ్మినాయన గొంతు ఇదేనా?"

జోగేశ్వరరావు ఫోన్ కట్టేశాడు. అటు చుట్టరికం, వ్యాపారులంతా ఏమంటారోనన్న భయం. ఇటు తన వేళ్ళ మధ్య పరకని లాక్కుంటున్న చిన్న నోరు.

"మొహం గుర్తుందండి. మీకు అబద్ధం చెప్పాను. నా మీద ఏం రాసుకుంటారో రాసుకోండి. ముందు వ్యాను ఎక్కండి, కొట్టు చూపిస్తాను. వెనకాల గదిలో పెడతాడు, బయటికి కనపడవు."

గణేష్‌బాబు అప్పటికే ఫోన్లో ఇంకో బండి పిలుస్తున్నాడు. జోగేశ్వరరావు ముందు సీట్లో కూర్చున్నాడు. కూర్మయ్యని ఎక్కించడానికి గణేష్‌బాబు వెనక తలుపు తీసేసరికి సంపూర్ణమ్మ పూలసజ్జతో ఎక్కి కూర్చుని ఉంది.

"మీరెందుకమ్మా?" అన్నాడు గణేష్‌బాబు.

"బుట్టెడున్నాయన్నాడు కదండీ. వాటికెవరైనా ఏమైనా పెట్టారో లేదో! పోనివ్వండి. సమాధుల దొడ్డి దగ్గర ఒక్క క్షణం ఆపండి, చాలు."

హారను విని అబ్రహాము గేటు దగ్గరికొచ్చాడు. ఆవిడ అడిగింది విని నోరెళ్ళబెట్టాడు.

"మోపు మొత్తమాండి? ఒక్క తాబేలుకా?"

"ఒక్కటి కాదయ్యా, బోలెడున్నాయంట! తొందరగా ఇటు పడెయ్!"

మేకల మోపు వ్యానులోకి ఎగిరి పడింది. బండి హైవే ఎక్కి గోదావరి వంతెన మీదికి చేరేసరికి, సంపూర్ణమ్మ మోపు విప్పుకుని, ఒళ్ళో సజ్జ పెట్టుకుని, గరికని చిన్న నోళ్ళకి పట్టేట్టు గోళ్ళతో తుంచడం మొదలుపెట్టేసింది.